పెట్టుబడి సాయం ఖాతాలో పడలేదా? డబ్బు ఆగిన చోటు కనిపెట్టే పద్ధతి

ప్రభుత్వం విడత విడుదల చేసిన మరునాడు ఏ మండల కేంద్రానికి వెళ్లినా బ్యాంకు గుమ్మం ముందు పాస్ పుస్తకాలు పట్టుకున్న వరుస కనిపిస్తుంది. ఆ వరుసలో గట్టు పక్క రైతుకు పడి, తనకు పడని మనిషి ఒకరైనా ఉంటారు. ఆయన అక్కడి నుంచి రైతు సేవా కేంద్రానికి వెళతాడు. వాళ్లు తహసీల్దారు కార్యాలయానికి పొమ్మంటారు, అక్కడివాళ్లు బ్యాంకులో అడగమంటారు. పొద్దుగూకేసరికి ఆటో చార్జీలు ఖర్చయ్యి, కారణం మాత్రం తెలియకుండానే ఆయన ఇల్లు చేరతాడు. నిజానికి ఈ డబ్బు ఆగే చోట్లు ఎన్నో లేవు. అర్హత, భూమి రికార్డు, ఈ-కేవైసీ (ఆధార్‌తో మీరే ఆ మనిషని నిర్ధారించడం), బ్యాంకుతో ఆధార్ అనుసంధానం అనే నాలుగింటిలో ఎక్కడో ఒక చోట ఆగుతుంది. ఎక్కడ ఆగిందో ఇంట్లో కూర్చుని తేల్చుకున్న తర్వాతే గడప దాటితే తిరుగుడు చాలావరకు తప్పుతుంది. ఆ తేల్చుకునే పద్ధతిని, తేలిన తర్వాత ఎవరిని ఏమని అడగాలో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

మొదటి అడుగు: మీకు రావలసింది ఏ పథకం డబ్బో తెలుసుకోండి

ఊళ్లో అందరూ "రైతు డబ్బులు" అని ఒకే పేరుతో పిలిచినా, వాటి వెనుక వేరువేరు పథకాలు, వేరువేరు నిబంధనలు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2019 ఫిబ్రవరి 24న ప్రారంభించిన పీఎం కిసాన్ కింద అర్హత గల రైతు కుటుంబానికి ఏడాదికి 6,000 రూపాయలు, నాలుగు నెలలకు 2,000 చొప్పున మూడు విడతలుగా వస్తాయి. ఏప్రిల్ నుంచి జూలై వరకు ఒక విడత, ఆగస్టు నుంచి నవంబరు వరకు ఒకటి, డిసెంబరు నుంచి మార్చి వరకు మరొకటి. ఇక్కడ కుటుంబమంటే భర్త, భార్య, మైనరు పిల్లలు. మొదట రెండు హెక్టార్ల లోపు భూమి ఉన్నవారికే పరిమితమైన ఈ పథకాన్ని 2019 జూన్ నుంచి భూమి విస్తీర్ణంతో పని లేకుండా వర్తింపజేశారు.

ఆంధ్రప్రదేశ్‌లో దీనికి రాష్ట్ర ప్రభుత్వ పథకమైన అన్నదాత సుఖీభవ తోడవుతుంది. 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి మండలం తూర్పు వీరాయపాలెంలో మొదలైన ఈ పథకం లెక్క ప్రకారం కేంద్రం ఇచ్చే 6,000కు రాష్ట్రం 14,000 కలిపి ఏడాదికి 20,000 చేస్తుంది. రాష్ట్రం వాటా 5,000, 5,000, 4,000గా మూడు విడతల్లో వస్తుంది. కాబట్టి ఆ రోజు, ఆ తర్వాత నవంబరు 19న, రెండూ పడిన రైతు ఖాతాలో 7,000 చొప్పున చేరాయి. అయితే ఆ 7,000 ఒకే మొత్తంగా కాక 5,000 ఒకసారి, 2,000 మరోసారి జమ అవుతాయి. "నాకు సగమే పడింది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం, రెండు ప్రభుత్వాల డబ్బుల్లో ఒకటి చేరి మరొకటి ఆగిపోవడమే. ఏది ఆగిందో తెలియడానికి బ్యాంకు నుంచి ఫోనుకు వచ్చే సందేశంలోని మొత్తాన్ని చూస్తే చాలు.

తెలంగాణలో రాష్ట్ర పథకం తీరు వేరు. 2018 మేలో ఎకరానికి సీజనుకు 4,000 రూపాయలతో మొదలైన రైతుబంధు, ఆ తర్వాత 5,000 అయ్యి, 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా పేరుతో 6,000కు చేరింది. ఇక్కడ చూసేది కుటుంబాన్ని కాదు, పట్టాదారు పాస్ పుస్తకంలోని సాగు భూమిని. గుంటల దాకా లెక్క కడతారు. ఎకరానికి 40 గుంటలు కనుక గుంటకు 150 రూపాయలు; రెండెకరాల పది గుంటల రైతుకు సీజనుకు 13,500 రావాలి. అంతకన్నా తక్కువ పడితే, సాగుకు పనికిరాదని, లేదా లేఅవుటు, రోడ్డు కిందికి పోయిందని ఆ సర్వే నంబరులో కొంత భాగాన్ని తీసేశారేమో వ్యవసాయ విస్తరణాధికారిని అడగాలి. తెలంగాణ రైతుకు పీఎం కిసాన్ అదనంగా, వేరే తేదీన వస్తుంది. ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది కూడా వచ్చి తీరాలని లేదు. దానికి కారణం అర్హత దగ్గర చెబుతాను.

రెండో అడుగు: స్థితిని మీ కళ్లతో చూడండి

పీఎం కిసాన్ అధికారిక వెబ్‌సైటులో రైతుల విభాగం కింద 'నో యువర్ స్టేటస్' అనే మీట ఉంటుంది. దానికి రిజిస్ట్రేషన్ నంబరు కావాలి. గుర్తు లేకపోతే అక్కడే ఉన్న మరో లింకు ద్వారా మొబైల్ నంబరు గానీ ఆధార్ నంబరు గానీ ఇచ్చి తెలుసుకోవచ్చు. ఫోనుకు వచ్చే ఓటీపీ కొట్టగానే మీ వివరాలతో ఒక పేజీ తెరుచుకుంటుంది. పేరు, ఊరు చూసి మూసేయకండి. ఆ పేజీలో అసలు చూడవలసినవి మూడు వరుసలు: ల్యాండ్ సీడింగ్ (మీ భూమి రికార్డు జతపడటం), ఈ-కేవైసీ, ఆధార్ బ్యాంక్ అకౌంట్ సీడింగ్ (ఆధార్‌కు బ్యాంకు ఖాతా జతపడటం). ఈ మూడింటి ఎదురుగా 'యెస్' ఉండాలి. దేని ఎదురుగా 'నో' ఉందో ఆ పని చూసే కార్యాలయానికే మీరు వెళ్లాలి. భూమికి రెవెన్యూ, బ్యాంకు సీడింగుకు బ్యాంకు. ఈ-కేవైసీని ఇంట్లోనే ఫోనులో గానీ, మీసేవ లేదా కామన్ సర్వీస్ సెంటరులో గానీ పూర్తి చేసుకోవచ్చు.

మూడూ 'యెస్' ఉండి కూడా డబ్బు రాకపోతే, కింద విడతల వివరాలు చూడండి. 'ఆర్‌ఎఫ్‌టీ సైన్డ్ బై స్టేట్' అని ఉంటే, మీ పేరుకు డబ్బు పంపమని రాష్ట్రం సంతకం చేసి కేంద్రానికి కోరిక పంపిందని అర్థం. 'ఎఫ్‌టీఓ ఈజ్ జెనరేటెడ్' అని ఉంటే చెల్లింపు ఉత్తర్వు తయారైంది, బ్యాంకు నుంచి నిర్ధారణ రావలసి ఉంది. ఈ రెండు దశల్లో ఎవరి కార్యాలయానికీ వెళ్లే పని లేదు, ఓపిక పట్టడమే. జమ అయినట్టు తేదీ కనిపిస్తూ మీ పాస్ పుస్తకంలో మాత్రం పడలేదంటే, డబ్బు ఆగలేదు, దారి తప్పింది. ఆ సంగతి మూడో అడుగులో ఉంది.

అన్నదాత సుఖీభవ స్థితిని ఆ పథకం సొంత వెబ్‌సైటులో ఆధార్ నంబరుతో చూడవచ్చు. ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్రలో, అంటే 95523 00009 నంబరులో కూడా అడగవచ్చు. చదవడం రానివారికి 155251 అనే ఫోను నంబరు ఉంది. పీఎం కిసాన్‌కైతే 155261. విడత పడిన వారం రోజుల్లో ఈ ఫోన్లు కలవడం కష్టం, పొద్దున్నే ప్రయత్నించండి. ఇదే సమయంలో వాట్సాపులో "పీఎం కిసాన్ యాప్" అంటూ ఏపీకే ఫైళ్లు, అంటే ప్లే స్టోరు బయట నుంచి ఫోనులో యాప్ ఎక్కించే ఫైళ్లు, తిరుగుతుంటాయి. వాటిని నొక్కితే రావలసిన రెండు వేలు సంగతి అటుంచి, ఖాతాలో ఉన్నదంతా ఊడ్చుకుపోతారు. యాప్ కావాలంటే ప్లే స్టోరు నుంచే దించుకోవాలి.

మూడో అడుగు: బ్యాంకు అనుసంధానం

నా అనుభవంలో ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే, ఎక్కువ మందికి అర్థం కానిదీ ఇదే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పీఎం కిసాన్ డబ్బు మీరు దరఖాస్తులో రాసిన ఖాతా నంబరును చూసి రాదు, మీ ఆధార్ నంబరును చూసి వస్తుంది. ఎన్‌పీసీఐ అనే సంస్థ దగ్గర ఒక పట్టిక ఉంటుంది. ఏ ఆధార్‌కు వచ్చే ప్రభుత్వ డబ్బును ఏ బ్యాంకుకు పంపాలో అందులో నమోదై ఉంటుంది. మీకు నాలుగు బ్యాంకుల్లో ఖాతాలున్నా, నాలుగింటికీ ఆధార్ కాగితం ఇచ్చి ఉన్నా, ఆ పట్టికలో ఒక ఆధార్‌కు ఒక్క బ్యాంకే ఉంటుంది. చివరిసారిగా ఏ బ్యాంకులో సబ్సిడీ డబ్బు ఇక్కడికే రావాలని ఒప్పుకుంటూ సంతకం చేశారో ఆ బ్యాంకే అందులోకి ఎక్కుతుంది. బ్యాంకులో "మీ ఆధార్ లింకు అయ్యే ఉందమ్మా" అని చెప్పే లింకు వేరు, ఈ పట్టికలోని లింకు వేరు. మొదటిది ఖాతాకు ఆధార్‌ను గుర్తింపు పత్రంగా జతచేయడం, రెండోది డబ్బుకు దారి చూపడం. ఈ రెంటినీ కలగలిపి మాట్లాడటం వల్ల కౌంటరు దగ్గర సగం గొడవలు పుడుతున్నాయి.

మా అమ్మ విషయంలో ఇదే జరిగింది. వరుసగా రెండు విడతలు పడలేదని మా అమ్మ ఏడాదిలో సగం రోజులు ఆ మాటే అన్నది. వెబ్‌సైటులో మాత్రం రెండూ జమ అయినట్టే ఉంది. తీరా చూస్తే, అంతకు ముందు ఎప్పుడో పోస్టాఫీసు వాళ్లు ఊళ్లోకి వచ్చి, వేలిముద్ర వేయించుకుని ఒక ఖాతా తెరిచి ఇచ్చారు. ఆ కార్డు ఇనప్పెట్టెలో పసుపు కుంకుమ పొట్లాల కింద ఉంది. నాలుగు వేలూ అందులోనే భద్రంగా ఉన్నాయి. ఆ ఖాతా తెరిచేటప్పుడు వేసిన వేలిముద్ర, సబ్సిడీ దారిని కూడా మార్చేసిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మీ ఆధార్ ఏ బ్యాంకుకు దారి చూపుతోందో తెలుసుకోవడం సులువు. మై ఆధార్ వెబ్‌సైటులో ఓటీపీతో లాగిన్ అయ్యి 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' నొక్కితే బ్యాంకు పేరు, ఆ లింకు పనిచేస్తున్నదీ లేనిదీ కనిపిస్తాయి. కనిపించిన బ్యాంకు మీరు మరచిపోయినదైతే ముందు అక్కడికి వెళ్లి ఆ డబ్బు తీసుకోండి. ఆ తర్వాత మీరు రోజూ వాడే బ్యాంకుకు వెళ్లి, "ఆధార్ లింకు చేయండి" అని కాకుండా "డీబీటీ కోసం ఎన్‌పీసీఐలో ఆధార్ సీడింగ్ చేయండి, పాత బ్యాంకు నుంచి ఇటు మార్చండి" అని అడగండి. డీబీటీ అంటే ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాకు రావడం. దానికి ప్రత్యేక ఫారం ఉంటుంది. పాత బ్యాంకు పేరు రాసే గడి అందులో ఉంటుంది. అది ఖాళీగా వదిలేయకండి. ఫారం ఇచ్చినట్టు రసీదు మీద ముద్ర వేయించుకోండి. కొద్ది రోజుల తర్వాత వెబ్‌సైటులో మళ్లీ చూసి, మారితేనే పని అయినట్టు లెక్క.

'ఇనాక్టివ్' అని కనిపిస్తే ఖాతాలో లావాదేవీలు లేక, లేదా బ్యాంకు కేవైసీ కాగితాలు పాతబడి లింకు నిద్రపోయిందన్న మాట. ఆధార్, పాన్ కార్డు లేదా అది లేనివారు ఇచ్చే ఫారం 60, ఫొటో తీసుకెళ్లి కేవైసీ చేయించి, వంద రూపాయలు వేసి తీస్తే ఖాతా కదులుతుంది. తక్కువ కాగితాలతో తెరిచిన చిన్న ఖాతాలకు ఇంకో చిక్కుంది. వాటిలో ఏడాదికి లక్ష రూపాయలకు మించి జమ కాకూడదు, నిల్వ 50,000 దాటకూడదు. ధాన్యం అమ్మిన డబ్బు అందులోనే పడితే హద్దు దాటిపోయి, వెనుక వచ్చిన రెండు వేలు తిరిగి వెళ్లే అవకాశం ఉంది. పూర్తి కేవైసీ ఇచ్చి మామూలు పొదుపు ఖాతాగా మార్పించుకోవడమే దీనికి మందు.

తెలంగాణ రైతు భరోసా విషయంలో మాత్రం పాస్ పుస్తకంతోపాటు విస్తరణాధికారికి ఇచ్చిన ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడే ముఖ్యం. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకుకు తెలంగాణలో ఉన్న శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. అంతకు ముందే 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోకి వెళ్లింది. పాత పుస్తకం చూసి పాత కోడే ఇచ్చి ఉంటే, కొత్త పుస్తకం మొదటి పేజీ జిరాక్సు, పాస్ పుస్తకం, ఆధార్ జిరాక్సులతో రైతు వేదికకు వెళ్లి మార్పించుకోండి.

నాలుగో అడుగు: భూమి రికార్డు

ల్యాండ్ సీడింగ్ ఎదురుగా 'నో' ఉంటే బ్యాంకు చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా లాభం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ముందుగా మీభూమి వెబ్‌సైటులో మీ 1-బీ (భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు) తీసి చూడండి. మూడు సంగతులు పరీక్షించాలి. ఖాతా మీ పేరునే ఉందా, పేరు ఆధార్‌లోని పేరుతో సరిపోతోందా, ఆ ఖాతాకు జతపడిన ఆధార్ మీదేనా. మూడోది విచిత్రంగా అనిపించవచ్చు గానీ, ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఇద్దరు రైతులున్న ఊళ్లో ఒకరి ఖాతాకు మరొకరి ఆధార్ ఎక్కడం, చనిపోయిన తండ్రి ఆధారే ఇంకా ఉండిపోవడం మామూలే. రెవెన్యూ శాఖ కంప్యూటరు భూమి రికార్డైన వెబ్‌ల్యాండ్‌లో ఈ దిద్దుబాటుకు వీఆర్వో దగ్గర మొదలై తహసీల్దారు ఆమోదంతో ముగిసే పద్ధతి ఉంది. భూముల రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం నంబర్లు, అంటే ఒక్కో భూమి కమతానికి ఇచ్చిన కొత్త నంబర్లు, వచ్చాయి. మీ దగ్గరి పాత పుస్తకంలోని నంబరుతో వెతికితే భూమి కనిపించదు. కొత్త నంబరు తెలుసుకుని, అది ఒక్కరి పేరునే ఉందా, నలుగురి పేర్లతో ఉమ్మడిగా ఉందా చూసుకోండి. ఉమ్మడిగా ఉంటే విభజన జరిగేదాకా ఇలాంటి తలనొప్పులు వస్తూనే ఉంటాయి.

అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టేది వారసత్వం. తండ్రి పోయి, అన్నదమ్ములు నోటి మాటతో పంచుకుని సాగు చేసుకుంటున్నారు. పుస్తకం మాత్రం తండ్రి పేరునే ఉంది. చనిపోయినవారి పేరున డబ్బు ఆపేస్తారు, బతికున్నవారి పేరున భూమి లేదు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, వారసులందరి ఆధార్, వాళ్ల మధ్య ఒప్పందం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో మ్యుటేషన్‌కు, అంటే రికార్డులో పేరు మార్పుకు, దరఖాస్తు చేయవచ్చు. తెలంగాణలో ఊరివాళ్లు ఫౌతి, విరాసత్ అని పిలిచే ఈ పని ఇప్పుడు ధరణి స్థానంలో వచ్చిన భూభారతి ద్వారా జరుగుతుంది. పేరు మారిన తర్వాత పాత రిజిస్ట్రేషన్ దానంతటదే వారసుడికి రాదు. కొత్తగా నమోదు చేసుకుని, భూమి ఎవరి నుంచి, ఏ తేదీన, వారసత్వంగానే వచ్చిందని వివరాలు ఇవ్వాలి. మరణించిన వ్యక్తి ఖాతాలోకి ఆ తర్వాత కూడా డబ్బు పడుతుంటే, వాడుకోకుండా అధికారులకు చెప్పండి. తర్వాత వసూలుకు వచ్చినప్పుడు చెప్పుకోవడం కష్టం.

రెండు రాష్ట్రాల్లోనూ 11 అంకెల రైతు గుర్తింపు సంఖ్య ఇస్తున్నారు. భూమిని, ఆధార్‌ను ఒకచోట కట్టే సంఖ్య ఇది. ఇంకా తీసుకోకపోతే రైతు సేవా కేంద్రంలోనో, విస్తరణాధికారి దగ్గరో, మీసేవలోనో తీసుకోండి. రికార్డులో తప్పు ఉంటే అక్కడే బయటపడుతుంది, అదీ ఒక మేలే.

ఐదో అడుగు: ఈ-కేవైసీ, పేరు తేడా

ఇది చిన్న పని. ఆధార్‌కు ఫోను నంబరు జతపడి ఉంటే వెబ్‌సైటులో ఓటీపీతో రెండు నిమిషాల్లో అవుతుంది. లేకపోతే కామన్ సర్వీస్ సెంటరులో వేలిముద్రతో చేస్తారు. నాటు, కోత పనుల్లో వేలి గీతలు అరిగిపోయిన పెద్దవాళ్లకు మూడో దారి ఉంది. పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపిస్తే చాలు. ఒక రైతు తన ఫోనులోని యాప్‌తో చుట్టుపక్కల వంద మందికి ఈ పని చేసిపెట్టవచ్చు కనుక, ఇంటి ముందుకు వచ్చి డబ్బులడిగే మనిషి కన్నా చదువుకున్న మనవడు మేలు.

పేరు తేడా గురించి ఒక మాట. పాస్ పుస్తకంలో లక్ష్మమ్మ, ఆధార్‌లో లక్ష్మి, బ్యాంకులో ఇంటిపేరుతో సహా లక్ష్మీదేవి అని ఉన్న మనిషికి ఏ వెబ్‌సైటూ సరిగ్గా పలకదు. ఏది మార్చాలన్నది ఆలోచించి తేల్చుకోండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు కాబట్టి, మిగతావాటిని ఆధార్ ప్రకారం సరిచేయించుకోవడం చాలామందికి తెలివైన దారి.

ఆరో అడుగు: అర్హత

పై మూడూ సరిగ్గా ఉండి, పేజీలో అనర్హుడని కనిపిస్తే కారణం చదవండి. కిందటి మదింపు సంవత్సరంలో ఆదాయపు పన్ను కట్టినవారు, పనిచేస్తున్న లేదా విశ్రాంత ప్రభుత్వ ఉద్యోగులు, నెలకు 10,000 లేదా అంతకు మించి పింఛను తీసుకునేవారు, ప్రాక్టీసు చేసే డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు, రాజ్యాంగ పదవుల్లో, చట్టసభల్లో ఉన్నవారు లేదా గతంలో ఉన్నవారు పీఎం కిసాన్‌కు అనర్హులు. నాలుగో తరగతి ఉద్యోగులకు, ఆ తరగతి పింఛనుదారులకు మినహాయింపు ఉంది. ఒకే ఇంట్లో భార్యాభర్తలిద్దరూ తీసుకుంటుంటే ఒకరిదే నిలుస్తుంది.

అసలు చిక్కు 2019 ఫిబ్రవరి 1 అనే తేదీ దగ్గర ఉంది. ఆ నాటికి భూమి ఉన్నవారే అర్హులు. ఆ తర్వాత కొన్న భూమికి ఈ పథకం వర్తించదు, వారసత్వంగా వచ్చిన భూమికి మాత్రం వర్తిస్తుంది. తెలంగాణలో కొత్త పాస్ పుస్తకంతో రైతు భరోసా అందుకుంటున్న రైతుకు పీఎం కిసాన్ రాకపోవడానికి కారణం తరచుగా ఇదే. పొలంలో దిగి సాగు చేస్తున్నా, కొన్న తేదీ వల్ల పక్కకు పడటం అన్యాయంగా తోస్తుంది గానీ, ఏ కార్యాలయంలో మొర పెట్టుకున్నా ఈ తేదీ మారదు. మీ భూమి అంతకు ముందుదే అయ్యుండి కంప్యూటరు తర్వాతదిగా చూపిస్తుంటే మాత్రం పాత పుస్తకం, దస్తావేజు నకలు పట్టుకుని వ్యవసాయాధికారి దగ్గరికి వెళ్లండి.

కౌలు రైతుకు పీఎం కిసాన్‌లో చోటు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం ఇచ్చే పంట సాగుదారు హక్కుల పత్రం 11 నెలలు చెల్లుతుంది. దానికి భూమి యజమాని సంతకం కావాలి. ఆ సంతకం దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. పత్రం ఉంటే పంటను ఈ-పంట అనే ప్రభుత్వ పంటల నమోదులో తన పేరున నమోదు చేయించుకోవడం మరవకూడదు. తెలంగాణలో రైతు భరోసా పట్టాదారు పేరునే జమ అవుతోంది.

ఏడో అడుగు: రాతపూర్వక అర్జీ

చెప్పవలసినవారికి నోటితో చెప్పి పది రోజులు దాటినా కదలిక లేకపోతే, ఒక పేజీ అర్జీ రాయండి. అందులో కోపం అవసరం లేదు. రిజిస్ట్రేషన్ నంబరు, ఆధార్‌లో చివరి నాలుగు అంకెలు, ఊరు, ఖాతా లేదా ఎల్‌పీఎం నంబరు, ఏ విడత నుంచి ఆగింది, వెబ్‌సైటులో ఏ వరుసకు 'నో' ఉంది, ఇప్పటికి ఎవరిని ఏ తేదీన కలిశారు అన్నవి ఉంటే చాలు. స్థితి పేజీ ప్రింటు వెనుక జతచేయండి. "నాకు డబ్బులు రాలేదు" అనే అర్జీని కింది గుమస్తా మళ్లీ మొదటికి పంపుతాడు. "ల్యాండ్ సీడింగ్ పెండింగ్, 1-బీలో ఆధార్ తప్పు" అని రాసిన అర్జీ నేరుగా ఆ పని చేయవలసిన మనిషి బల్ల మీదికి వెళుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో గానీ 1100కు ఫోను చేసి గానీ, తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో గానీ ఇవ్వవచ్చు. రెండు చోట్లా అర్జీకి నంబరు అడిగి తీసుకోండి.

దిద్దుబాటు జరిగాక, ఆగిపోయిన పాత విడతల సంగతి కూడా అడగండి. పీఎం కిసాన్ మార్గదర్శకాల ప్రకారం అనర్హత వల్ల కాక మరే కారణంతోనైనా ఆగిన విడతలు, ఆ కారణం తొలగాక రైతుకు చెల్లించాలి. లెక్క మాత్రం మీ పేరు పోర్టల్లోకి ఎక్కిన విడత నుంచి మొదలవుతుంది, అంతకు ముందువి రావు. అందుకే నమోదు తేదీ ఉన్న ఆ మొదటి పేజీ ప్రింటును పాస్ పుస్తకంలో మడిచి దాచుకోండి.